ఇరుకింట లేత్‌కు చోటు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవంలో ఇనుప యంత్రం ప్రస్తావన ఏమిటన్న సందేహం కొందరికి కలుగవచ్చును. కానీ తెలుగు మాధ్యమంలో చదివి, ఐ.టి.ఐ.లో టర్నర్ పని నేర్చి, హోసూరులోనో, కోయంబత్తూరులోనో, బెంగుళూరు పీణ్యాలోనో కర్మాగారంలో కుదురుకున్న వారు ఈ సముదాయంలో తక్కువేమీ కాదు. పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఒకరి కింద పనిచేసిన పిమ్మట అటువంటి వారికి కలిగే కోరిక ఒకటే: సొంతంగా ఒక లేత్ కొని, ఇంటనే నిలుపుకొని, నాలుగు రూకలు సంపాదించుకోవడం. స్థలం కొనే స్తోమత ఉండదు. ఉన్నది ఇల్లే. ఆ ఇంటిలో వరండానో, పాత పశువుల కొట్టమో, ముందు గదో లేత్‌కు కేటాయింపబడుతుంది. ఆ ఎంపిక సరిగా జరిగిందా లేదా అన్నదానిపై ఆ కుటుంబం అన్నమూ, ఆ ఇంటి పిల్లల క్షేమమూ ఆధారపడి ఉన్నవి. కనుక ఈ సభలో ఈ విషయం అప్రస్తుతం కాదు.

తరిమెన నుండి లేత్ వరకు

చెక్కను తిప్పుతూ గుండ్రంగా చెక్కే సాధనానికి తెలుగులో ‘తరిమెన’ అనే చక్కని పేరు ఉన్నది. ఏటికొప్పాక లక్క బొమ్మలూ, కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలూ ఆ విధంగా చెక్కను తిప్పి చేసినవే. లోహాన్ని కోసే లేత్ కూడా సూత్రరీత్యా తరిమెనయే. పనిముక్కను ‘చక్’ అనే ఉక్కు పిడికిలి బిగించి పట్టుకొని తిప్పుతుంది. కదలకుండా బిగించిన పదునైన పనిముట్టు దానిని కోస్తుంది. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో మరలు కోసే లేత్‌కు కచ్చితమైన రూపం కల్పించిన నాటి నుండి, యంత్రాలను తయారుచేసే యంత్రంగా దీనికి ప్రాముఖ్యం వచ్చినది.

దక్షిణ భారతంలోనూ దీని చరిత్ర చిన్నది కాదు. 1941లో హరిహర్‌లో స్థాపితమైన మైసూరు కిర్లోస్కర్ సంస్థ లేత్‌ల తయారీకి పేరుగాంచినది. 1953లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. ఏర్పడినది. కోయంబత్తూరు సమీపంలోని తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశీయ విద్యుత్ మోటారును రూపొందించిన సంగతి పెద్దలు ఎరిగినదే. ఆ నగరంలో పంపులూ మోటార్లూ పెద్ద కర్మాగారాలతో పాటు, ఒకటి రెండు లేత్‌లున్న చిన్న పనిశాలల చేతులమీదుగా కూడా తయారవుతూ వచ్చినవి. ఇంటి లేత్ అంటే కాలక్షేపం కాదు, జీవనోపాధి అని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఆక్రమించే చోటు, అడిగే చోటు

లేత్ కొనదలచినవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. యంత్రం పొడవు, వెడల్పు కొలిచి, గదిలో అంత గోడ ఖాళీ ఉన్నదా అని చూచి, ఉన్నదని తృప్తిపడుట. యంత్రం ఆక్రమించే చోటు వేరు. యంత్రం అడిగే చోటు వేరు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా లెక్కకు లొంగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చును. గది 10 అడుగులు, 8 అడుగులు. లేత్ మొత్తం పొడవు 5½ అడుగులు, వెడల్పు 2½ అడుగులు. అది ఆక్రమించే నేల 13¾ చదరపు అడుగులు మాత్రమే. ఇప్పుడు అది నాలుగు దిక్కులా ఏమి అడుగుతుందో చూడవలెను.

పనివాడికి ఎడమ వైపున ఉండేది హెడ్‌స్టాక్, అనగా చక్‌ను తిప్పే తలభాగం. దాని చివరి మూత తీసి గేర్లు మార్చవలసి ఉంటుంది. బెల్టు సవరించవలసి ఉంటుంది. మనిషి వంగి చేయి పెట్టడానికి 2 అడుగులైనా కావలెను. కుడి వైపున ఉండేది టెయిల్‌స్టాక్, అనగా పనిముక్క రెండవ కొనను ఆనించే భాగం. దానిని వెనుకకు జరపడానికీ, అవసరమైతే పూర్తిగా బయటకు తీయడానికీ, పొడవైన డ్రిల్లును అమర్చడానికీ 2½ అడుగులు కావలెను. వెనుక ఒక అడుగైనా విడువనిదే మోటారును చూడడమూ, రాలిన తురుమును ఊడ్చడమూ సాధ్యం కాదు. ముందు పనివాడు నిలబడి, ఒక అడుగు వెనుకకు వేసి, వంగి, తిరిగి లేవడానికి 3 అడుగులు తప్పనిసరి.

లెక్క కడితే పొడవు వైపున 2, 5½, 2½ కలిపి సరిగ్గా 10 అడుగులు. వెడల్పు వైపున 1, 2½, 3 కలిపి 6½ అడుగులు. అనగా 65 చదరపు అడుగులు. ఆక్రమించే దానికి దాదాపు అయిదింతలు అడుగుతున్నది. ఎదుటి గోడ వెంట మిగిలిన 1½ అడుగులలో పనిముట్ల అలమర పెట్టుకొనవచ్చును. అదే లేత్‌ను 8 అడుగుల గోడకు పెడితే రెండు చివరలకు కలిపి మిగిలేది 2½ అడుగులే. అప్పుడు గేరు మార్చవలసిన ప్రతిసారీ, టెయిల్‌స్టాక్ తీయవలసిన ప్రతిసారీ యంత్రంతో కుస్తీ పట్టవలసినదే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అమలులో ఉన్న కాలంలో దాని 25వ సెక్షన్ ఒక కొలత చెప్పినది. తనంత తాను కదిలే యంత్రభాగం, మనుషులు మెసలే చోట, గోడ వంటి స్థిరమైన కట్టడానికి 45 సెంటీమీటర్ల లోపునకు రాకూడదని దాని సారాంశం. మనిషి శరీరం ఆ సందులో నలిగిపోకుండుటకే ఆ నియమం. ఇంటి పనిశాలను పర్యవేక్షించే ఫోర్‌మన్ ఎవరూ ఉండరు కనుక, ఇటువంటి కొలతలను ఇంటివారే పెట్టుకొని పాటించవలెను.

ఏ గోడకు?

లేత్‌ను అద్దంలో బొమ్మవలె కుడి ఎడమలు మార్చి నిలుపలేము. సాధారణమైన లేత్‌కు ఎదురుగా నిలిచిన వానికి చక్ ఎప్పుడూ ఎడమ చేతి వైపుననే ఉంటుంది. కనుక ఏ గోడకు పెట్టాలన్న నిర్ణయంలోనే, చక్ ఏ మూలకు వస్తుందన్న నిర్ణయమూ ఇమిడి ఉన్నది.

పైన చెప్పిన గదికి పొడవు తూర్పు పడమరలనీ, వాకిలి తూర్పు గోడకనీ అనుకొందము. లేత్‌ను ఉత్తరపు గోడకు పెడితే పనివాడు ఉత్తరముఖంగా నిలుస్తాడు. చక్ పడమర మూలకు పోతుంది. టెయిల్‌స్టాక్ వాకిలి వైపు వస్తుంది. దక్షిణపు గోడకు పెడితే చక్ వాకిలి పక్కకు వస్తుంది. ఈ రెండింటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు గదిలో లేదు, చేయబోయే పనిలో ఉన్నది.

పొట్టి ముక్కలు, బుష్షులు, పంపు భాగాలు చేయదలచిన వారికి ఉత్తరపు గోడయే శ్రేయస్కరం. చక్ తిరిగే వృత్తాన్ని నాలుగు వైపులా పొడిగించి ఊహించుకొంటే, పట్టు తప్పిన ముక్క గాని, మరచిపోయిన చక్ కీ గాని ఎగిరి పడేది ఎక్కువగా ఆ వరుసలోనే. ఆ వరుసలో వాకిలి ఉండరాదు, కిటికీ అవతల ఎవరూ కూర్చునే అరుగు ఉండరాదు, బిడ్డ ఊయల అసలే ఉండరాదు. పనివాడు సైతం యంత్రం ఆరంభించే క్షణాన ఆ వరుస నుండి ఒక అడుగు పక్కకు తొలగి నిలబడుట మంచి అలవాటు.

పొడవైన కడ్డీలతో పని చేయవలసిన వారి సంగతి వేరు. కడ్డీ హెడ్‌స్టాక్ లోపలి రంధ్రం గుండా ఎడమ వైపునకు పొడుచుకొని వస్తుంది. అక్కడ మూసి ఉన్న గోడ అడ్డమైతే పని సాగదు. అందువలన హెడ్‌స్టాక్‌ను వాకిలి వైపు తిప్పి కడ్డీ బయటకు పోయేటట్లు చేసేవారు కొందరు. గోడకు రంధ్రం చేసి గొట్టం అమర్చేవారు కొందరు. యంత్రాన్ని గోడకు కొంచెం ఏటవాలుగా నిలిపి వెసులుబాటు సంపాదించేవారు మరికొందరు. ఉపాయాలన్నీ మంచివే. కానీ ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉన్నది. ఆధారం లేకుండా వెనుకకు పొడుచుకొని వచ్చిన సన్నని కడ్డీ వేగంగా తిరుగుతూ ఒక్కసారిగా వంగి, కొరడావలె చుట్టూ కొట్టుకొంటుంది. అంతవరకు నిటారుగా ఉన్నదే కదా అని దగ్గర నిలిచిన వానికి తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుకే ఆ 1948 చట్టపు 21వ సెక్షన్, హెడ్‌స్టాక్ దాటి పొడుచుకొని వచ్చే కడ్డీని ప్రత్యేకంగా పేర్కొని, దానికి కంచె ఉండవలెనని చెప్పినది. కడ్డీ బయటకు పోయే వాకిలి మనుషుల రాకపోకల వాకిలి కాకూడదు. కడ్డీకి వెనుక పట్టు గొట్టమూ, చుట్టూ కంచె ఉండవలెను. వీటిలో ఏదీ కుదరని ఇంట కడ్డీని ముందుగానే వరండాలో రంపంతో ముక్కలుగా కోసుకొని, ఆ ముక్కలనే లేత్‌కు ఎక్కించుట ఉత్తమం. కొంత ఇనుము వృథా అయినా, మనుషులకు ముప్పు తప్పుతుంది.

మరొక్క జాగ్రత్త. పనివాడి వీపు వెనుక వాకిలి ఉండకుండా చూచుకొనవలెను. పాఠశాల నుండి వచ్చిన బిడ్డ సంతోషంతో వెనుక నుండి వచ్చి తండ్రిని చుట్టుకొంటే, తిరిగే చక్ ముందు అతని పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అవుతుంది. వచ్చేవారు కంటి చివర నుండైనా కనబడవలెను.

బరువు నైరుతిలో ఉండవలెనన్న వాస్తు నమ్మకం గల ఇళ్ళు అనేకం. ఆ నమ్మకాన్ని కాదనవలసిన పని లేదు. పైన చెప్పిన క్షేమ నియమాలకు నిలిచిన చోట్లలో నైరుతి కూడా ఉంటే అక్కడే పెట్టవచ్చును. నియమాలకు నిలువకుంటే మాత్రం క్షేమానికే పెద్దపీట వేయవలెను.

నేల, మట్టం, ఎత్తు

నేల విషయంలో తొందర పనికిరాదు. నమూనాను బట్టి ఇటువంటి లేత్ బరువు అర టన్నుకు అటు ఇటుగా ఉండవచ్చును. మట్టిని గట్టిగా దిమ్మిస చేసి వేసిన కాంక్రీటు నేల దీనికి తగినది. మేడమీది గదికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం నివాస గదులకు లెక్కించే వినియోగ భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. 500 కిలోల లేత్ తన 13¾ చదరపు అడుగుల మీద మోపే భారం చదరపు మీటరుకు దాదాపు 390 కిలోలు అవుతుంది. కనుక ఇంజనీరును సంప్రదించకుండా పై అంతస్తుకు ఎక్కించరాదు. చిన్న బల్లమీది లేత్‌కు ఈ చిక్కు లేదు. దానికి కావలసినది ఊగని బల్ల.

లోపలికి తెచ్చేటప్పుడు గుమ్మం వెడల్పు ముందే కొలుచుకొనవలెను. గొట్టాల మీద దొర్లించి, గడ్డపారలతో కొద్దికొద్దిగా జరుపుట వాడుక. లేత్ బరువంతా పైభాగానా, హెడ్‌స్టాక్ వైపునా ఉంటుంది. చూడడానికి స్థిరంగా కనబడినా సులభంగా పక్కకు వాలుతుంది. టెయిల్‌స్టాక్‌నూ క్యారేజీనీ కుడి చివరకు జరిపి బిగిస్తే బరువు కొంత సరితూగుతుంది. వాలుతున్న యంత్రాన్ని చేతితో ఆపబోవడం కన్నా తొలగిపోవుటే వివేకం. ఇనుమును బాగు చేయించుకొనవచ్చును.

నిలిపిన పిమ్మట మట్టం చూడవలెను. ఇక్కడ మట్టం అంటే నేలకు సమాంతరమని మాత్రమే అర్థం కాదు. యంత్రపు బెడ్ మెలి తిరగకుండా ఉండవలెనని అసలు అర్థం. తాపీ మేస్త్రి రసమట్టం ప్రారంభానికి పనికివస్తుంది. తుది సవరణకు మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడాను చూపే సున్నితమైన రసమట్టం కావలెను. అది లేనివారు చక్‌లో ఒక లావు కడ్డీని బిగించి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, ఒకదానికొకటి ఆరంగుళాల దూరంలో రెండు పట్టీలను ఒకే కోతలో కోసి, మైక్రోమీటరుతో కొలవవచ్చును. రెండూ సమానమైతే యంత్రం సరిగా కూర్చున్నది. తేడా వస్తే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ళ కింద పలుచని రేకులు పెట్టి సవరించి మరల కోయవలెను. ఎంత సవరించినా తేడా పోకుంటే దోషం నేలది కాదు, యంత్రం అరుగుదలది. పాత లేత్ కొనేవారికి ఈ పరీక్ష రెండు విధాల మేలు చేస్తుంది.

ఎత్తుకు సులభమైన కొలత మోచేయి. నిలబడిన పనివాడి మోచేయి ఎత్తుకు చక్ నడిమి గీత ఇంచుమించు సరిపోతే నడుము నొప్పి దరిచేరదు. అవసరమైతే యంత్రం కింద దిమ్మె కట్టుటో, పనివాడి కాళ్ళ కింద గట్టి పలక వేయుటో మంచిది.

కరెంటు, వెలుతురు, గాలి

ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. కానీ మోటారు మొదలయ్యే క్షణాన దానికి అనేక రెట్లు కరెంటును లాగుతుంది. కనుక ఇంటి దీపాల తీగ నుండి దానికి సరఫరా ఇవ్వకుండా వేరే వైరింగూ, నమ్మకమైన ఎర్తింగూ ఏర్పరచుకొనవలెను. ఆపే బటన్‌ను చేరడానికి చేయి చక్ మీదుగా పోరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది స్టార్టరు. కరెంటు పోయినపుడు తనంత తాను విడిపోయి, తిరిగి వచ్చినపుడు బటన్ నొక్కితే గాని కదలని స్టార్టరు ఉండవలెను. మామూలు స్విచ్చు పెట్టిన ఇంట, కరెంటు పోయినది కదా అని చక్‌లో చేయి పెట్టిన సమయానికే కరెంటు తిరిగి వస్తే జరిగేది ఊహింపవచ్చును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

వెలుతురు పనివాడి వీపు మీదుగా వస్తే పనిముక్క మీద అతని నీడే పడుతుంది. పక్క నుండి రావలెను. దీపపు రకమూ ముఖ్యమే. 50 హెర్ట్జ్ కరెంటుపై పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మినుకుతుంది. ఆ వెలుతురులో నిమిషానికి 2000 చుట్లు తిరిగే మూడు పళ్ళ చక్ గాని, 1500 చుట్లు తిరిగే నాలుగు పళ్ళ చక్ గాని నిలిచి ఉన్నట్లే కంటికి తోచవచ్చును. చవకబారు ఎల్.ఇ.డి. దీపాలలోనూ కొన్ని ఇట్లే మినుకుతాయి. మినుకని దీపం ఒకటి యంత్రం దగ్గరనే ఉండుట అవసరం.

సాన రాయిని లేత్ పక్కన పెట్టరాదు. దాని నుండి రాలే గరుకు ధూళి బెడ్‌ను తినివేస్తుంది. యానాం, గోపాల్‌పూర్ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వలన తుప్పు త్వరగా పడుతుంది. అక్కడ వాన జల్లు కొట్టే కిటికీకి దూరంగా నిలిపి, ప్రతి సాయంత్రం నూనె గుడ్డతో తుడిచి కప్పి ఉంచవలెను.

ఇంటివారి మాట

ఇంతవరకు చెప్పినది యంత్రానికీ పనివానికీ సంబంధించినది. ఆ ఇంట మిగిలినవారు కూడా ఉన్నారు. చుట్టలు చుట్టలుగా వచ్చే ఇనుప తురుము చెప్పులకు అంటుకొని వంటగది వరకు పోతుంది. పాకే బిడ్డ అరచేతిలో గుచ్చుకొంటుంది. గుమ్మం దగ్గర ఎత్తైన గడప, అక్కడే విడిచే వేరు చెప్పులు, తురుమును చేతితో కాక కొక్కెంతో లాగి మూత ఉన్న డబ్బాలో వేసే అలవాటు ఉండవలెను. లేత్ గది వంటింటికి దారి కాకూడదు. రాత్రి చప్పుడు పొరుగువారి నిద్రకు భంగం కాకుండా, ఉమ్మడి గోడకు యంత్రాన్ని ఆనించకుండా ఉంచవలెను. చోటు నిర్ణయించేటప్పుడు ఇల్లాలి మాట తప్పక వినవలెను. ఆ గదిలో ఎవరు ఎప్పుడు ఎటు నడుస్తారో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అన్నీ చూచిన పిమ్మట, ఈ ఇంట ఈ లేత్‌కు చోటు లేదు అన్న జవాబే రావచ్చును. అది ఓటమి కాదు. చిన్న లేత్ కొనుటో, మరొకరితో కలిసి కొట్టం అద్దెకు తీసుకొనుటో మిగిలి ఉన్నవి. అడ్వాన్సు ఇవ్వకముందు ఈ జవాబు వస్తే లాభం. అర టన్ను ఇనుము గుమ్మం దాటిన తరువాత వస్తే నష్టం.

కాగితపు లేత్

ఆ జవాబు ముందే తెలుసుకొనే ఉపాయం ఖర్చు లేనిది. పాత వార్తాపత్రికలను అతికించి, లేత్ అసలు పొడవు వెడల్పులకు కత్తిరించి, గదిలో నేలమీద పరచవలెను. నాలుగు వైపులా అది అడిగే చోటును సుద్దముక్కతో గీయవలెను. చక్ తిరిగే వరుసను గోడ నుండి గోడకు ఒక గీతగా గీయవలెను. పొడవైన కడ్డీకి బదులు ఒక కర్రను హెడ్‌స్టాక్ చోటున పట్టి చూడవలెను. ఆ మీదట రెండు మూడు రోజులు ఇంటివారందరూ మామూలుగా నడవవలెను. ఎవరి అడుగులు ఎన్ని మార్లు ఆ గీతలను దాటినవో చూస్తే, యంత్రాన్ని ఎక్కడ పెట్టరాదో తేలిపోతుంది.

ఈ పనిని ఆ ఇంట చదువుకొనే పిల్లల చేత చేయించుట అన్ని విధాల మంచిది. పొడవును వెడల్పుతో హెచ్చిస్తే వైశాల్యమని ఈ పాఠశాల 75 సంవత్సరాలుగా నల్లబల్ల మీద బోధిస్తున్నది. ఆ లెక్కతో తన ఇంటి నేలను కొలిచి, తండ్రి నిలబడే చోటును, తాను నడిచే దారిని గీసి చూపిన విద్యార్థికి ఆ పాఠం జీవితాంతం నిలుస్తుంది. ఆ బిడ్డ గీసిన గీతను తండ్రి దాటకుండా యంత్రాన్ని నిలిపిన ఇంట పని సాగుతుంది, పనివాడి చేతులూ క్షేమంగా ఉంటాయి.

సెలవు.